గడపకు పదకొండు మేకులు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా బళ్ళో పిల్లలు చెప్తారు, మా ఆయన చెప్తాడు, కూరగాయల బండి ఆవిడ కూడా చెప్తుంది. కాదని నేనెప్పుడూ అనలేదు. కానీ బాగున్న నడుముతో వచ్చే కోపం వేరు, వంగలేని నడుముతో వచ్చే కోపం వేరు. ఆ సంవత్సరం నాకొచ్చింది ఈ రెండోది.

ప్రొద్దుటూరులో ఇరవై రెండేళ్ళుగా లెక్కల టీచరుని. పొద్దంతా బోర్డు ముందు నిలబడడం, సాయంత్రం ఇంటికొచ్చి పెరట్లో బండ మీద బట్టలు బాదడం. నడుము ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది? డిస్కు జారింది. ఆపరేషన్ చేసిన డాక్టరు మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇకమీదట ఈమె కింద పడిన పెన్ను కూడా వంగి తీయకూడదు అని గట్టిగా చెప్పాడు. మా ఆయన బుద్ధిగా తలూపాడు. విన్న వారానికే వాషింగ్ మెషిన్ కొనుక్కొచ్చాడు.

మంచిపనే అనుకుంటాం కదా. తెచ్చింది ముందువైపు తలుపుండే రకం. ఆ గుండ్రటి అద్దం తలుపు సరిగ్గా నా మోకాళ్ళ దగ్గర ఉంటుంది. బట్టలు వేయాలన్నా తీయాలన్నా నడుం వంచి తల లోపల పెట్టాలి. ఇదెందుకు తెచ్చావని అడిగితే, అద్దంలోంచి బట్టలు తిరగడం చూస్తే బాగుంటుందన్నాడు. ఆయన ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. రోజంతా మెషిన్లు తిరగడం చూసొచ్చి, ఇంట్లో కూడా ఇంకోటి తిరిగితే చూడాలని కోరిక. పీటేసుకుని కూర్చుని వెయ్యి అని సలహా కూడా ఇచ్చాడు. పీట మీద కూర్చున్న దాన్ని లేపడానికి ఇంకో మెషిన్ తెమ్మన్నాను.

షాపువాళ్ళ దగ్గర ఇనుప స్టాండు ఒకటుంది. చక్రాలతో సహా నాలుగంగుళాలు కూడా లేదు. దాంతో నా నడుముకు ఒరిగేదేమీ లేదు. టేపు తీసుకుని నేనే కొలిచాను. నేను నిటారుగా నిలబడి చెయ్యి చాపితే మెషిన్ నోట్లోకి పోవాలి, అదీ లెక్క. నోటుబుక్కులో బొమ్మ గీసి, కొలతలు వేసి చూస్తే అడుగుంపావు ఎత్తు పీఠం కావాలని తేలింది. నిండా నీళ్ళతో గిరగిరా తిరిగే మెషిన్‌ని మోయాలి కాబట్టి గట్టి చెక్కతో చేయించాలి. కింద అడుగుంపావు ఖాళీ ఊరికే పోవడమెందుకని రెండు సొరుగులు గీశాను. సొరుగులు కింద పెడితే మళ్ళీ వంగాల్సిందే కదా అని మా ఆయన పెద్ద తప్పు పట్టినట్టు నవ్వాడు. సబ్బుపొడి, క్లిప్పులు గోడ అల్మారాలో పెట్టుకుంటానని, సొరుగులు మాత్రం వంగగలిగిన వాళ్ళ కోసమని చెప్పాను. విప్పిన ఫ్యాక్టరీ బట్టలు మంచం మీద, కుర్చీ మీద పారేసే మనిషి ఇకనుంచి వంగి అందులో వేసుకోవాలి. ఆ నవ్వు అక్కడితో ఆగిపోయింది.

కొత్త చెక్క వద్దన్నది మా అమ్మ. మా ఊరు జమ్మలమడుగు అవతల రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. ఊరు ఖాళీ చేసినప్పటి నుంచీ అమ్మ నా దగ్గరే. డెబ్బై మూడేళ్ళ మనిషి. అయినా తన చీర తనే జాడించుకుంటుంది, తన కంచం తనే కడుక్కుంటుంది.

"కొత్తది ఎందుకుమ్మా? మన వాకిలి మాను తీసి మీ తమ్ముడు ట్రాక్టరులో ఏసకపోయినాడు గదా. వేప మాను. పురుగు కూడా ముట్టదు. రెండు తలుపు రెక్కలుండాయి, నిలువు మాన్లుండాయి. తెచ్చుకో" అంది. కాసేపాగి, "గడప మాత్రం వాడు దేవుని గది పక్కన పెట్టుకున్యాడంట. దాని జోలికి పోవాకు" అని కూడా అంది.

మా ఇంటి గడప గురించి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నాలుగడుగుల వేపదుంగ, మధ్యలో చెక్కిన పద్మం, ఆ పద్మానికి ఒక రేకు విరిగిపోయి ఉండేది. ప్రతి శుక్రవారం అమ్మ దానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టేది. ఎవరూ దాన్ని తొక్కకూడదు, దాటాలి. దాని మీద కూర్చోకూడదు. గడపకు ఇవతల ఒకరు అవతల ఒకరు నిలబడి ఏదీ ఇచ్చిపుచ్చుకోకూడదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు చల్లగా ఉందని దాని మీద కూర్చుని లెక్కలు చేసుకుంటుంటే అమ్మ పొరకతో వీపు మీద ఒక్కటిచ్చింది. ఊరు ఖాళీ చేసే రోజుల్లో అందరూ గునపాలతో వాకిళ్ళు పెరికేస్తుంటే, అమ్మ ఒప్పుకోలేదు. ఆ వాకిలి నిలబెట్టిన వడ్రంగి కొడుకు జమ్మలమడుగులో ఉంటే పిలిపించి, కొబ్బరికాయ కొట్టి, గడపకు దెబ్బ తగలకుండా ఊడదీయించింది. దాన్ని ట్రాక్టరు ఎక్కించేటప్పుడు తమ్ముడికి అప్పజెప్పిన తీరు చూస్తే, చంటిబిడ్డను ఇస్తోందనుకోవాలి. పులివెందులలో కొత్త ఇల్లు కడుతున్నాను, అక్కడే పెడతానని వాడు మాటిచ్చాడు. కొత్త ఇంటికి టేకు వాకిలి పెట్టుకున్నాడు, అది వేరే సంగతి. గడప మాత్రం దేవుని గది పక్కన భద్రంగా ఉందని ఫోనులో చెప్పాడు. అమ్మ ఆ మాట మా వీధిలో అందరికీ చెప్పుకుంది. ఈ ఆరేళ్ళలో వాడే అప్పుడప్పుడూ వచ్చిపోయేవాడు గానీ, మా ఇద్దరికీ అటు పోవడం పడలేదు.

ఆ శనివారం పులివెందులకు బయల్దేరాను. శ్రావణమాసం కావడంతో బస్సు నిండా గండి ఆంజనేయస్వామి గుడికి పోయే జనం. వేంపల్లి దాకా నిలబడే ఉన్నాను. నడుములో ఇనుప కమ్మీ పెట్టి తిప్పుతున్నట్టుంది. వేంపల్లిలో బస్సు ఖాళీ అయ్యాక కూర్చున్నాను గానీ, అప్పటికే నా మూడ్ ఎట్లా ఉందో చెప్పనక్కర్లేదు.

తమ్ముడి ఇంటి ముందు సిమెంటు కాలువ ఉంది. వీధిలోంచి గేటులోకి పోవాలంటే కాలువ దాటాలి. దాని మీద అడ్డంగా ఒక దుంగ వేసి ఉంటే, దాని మీద కాలు పెట్టి లోపలికి పోయాను. గేటు తీస్తూ ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. దుంగ మీద పాత టైరు ముక్క పరిచి మేకులు కొట్టి ఉంది, బండి జారకుండా. టైరు అంచు లేచిన చోట చెక్క కనిపిస్తోంది. ఆ చెక్క మీద పద్మం. పద్మానికి ఒక రేకు లేదు.

నేను దాన్ని తొక్కి లోపలికొచ్చాను. తొమ్మిదేళ్ళప్పుడు దాని మీద కూర్చుంటేనే పొరక దెబ్బ తిన్నదాన్ని, ఇప్పుడు చెప్పు కాలితో తొక్కి వచ్చాను. ఎవరి మీద అరవాలో తెలియక గేటు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. బాధతో కాదు, పచ్చి కోపంతో.

మరదలు బయటికొచ్చి కాఫీ పెట్టమంటావా వదినా అంది. ఇదేంది ఇక్కడ అని అడిగాను. బండి ఎక్కాలంటే ఇబ్బందిగా ఉందని ఆయన అడ్డమేసినాడు, ఆరేండ్లుగా బాగా పనికొస్తా ఉండాది అని చెప్పింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమెకు అది ఒక మొద్దు, అంతే. మా ఊళ్ళో మా వాకిట్లో పెరిగింది నా తమ్ముడు కదా. దాని మీద పసుపు ఆరకముందే గెంతి దాటడం నేర్చుకున్నది వాడు కదా. ఆరేళ్ళు రోజుకు రెండుసార్లు దాని మీద బండి ఎక్కించి, అటునుంచి లోపలికి పోయి, అమ్మకు ఫోను చేసి దేవుని గది పక్కనుంది అని చెప్పగలిగాడు.

అన్నీ అడగకుండానే తీసుకున్నాను. తలుపు రెక్కలు వెనక షెడ్డులో మేకలకు దడిగా ఉన్నాయి. ద్వారబంధం నిలువు మాన్లు వాటి పక్కనే ఎండకు పడి ఉన్నాయి. మెయిన్ రోడ్డు నుంచి ట్రాలీ ఆటోను, ఇద్దరు మనుషులను పిలుచుకొచ్చి, ఆ టైరు ముక్క లాగి పారేయించి, అంతా ఎక్కించాను. మేకులు మాత్రం తలలతో సహా చెక్కలోనే ఉండిపోయాయి.

ఆటో కదలకముందే తమ్ముడి ఫోను. ఎక్కడున్నాడో గానీ వార్త అందింది.

"అక్కా, చెప్పకుండా గడప కూడా తీసకపోతాండావంట?"

"చెప్పింటే పసుపు పూసి పెడతాంటివా?"

"గడప నీకెందుకు? ఏం చేసుకుంటావు దాన్ని?"

"వాషింగ్ మెషిన్ కింద పెట్టుకుంటా పో. బండి చక్రాల కింద కన్నా మేలే."

నా నోరే నాకు శత్రువు. గడపను మెషిన్ కింద పెట్టాలన్న ఆలోచన ఆ క్షణం దాకా నాకు లేదు. వాడిని మండించాలని అన్నాను. అన్నాక మాత్రం, ఎందుకు పెట్టకూడదు అనిపించింది. బురదకాలువ మీద ఉంటే రాని అపచారం, ఉతికిన బట్టల కింద ఉంటే వస్తుందా? ఆ పంతంతోనే ఆటోను నేరుగా జమ్మలమడుగుకు పోనిమ్మన్నాను.

అప్పుడు మా వాకిలి ఊడదీసిన ఆ వడ్రంగికి ఇప్పుడు అరవై దాటాయి. షాపు అంటే ఇంటి ముందు రేకుల పందిరి. మా వాకిలిని చూడగానే గుర్తుపట్టాడు. వాళ్ళ నాయన చేతి పని కదా. నా నోటుబుక్కులో బొమ్మ, కొలతలు చూసి మెచ్చుకున్నాడు. తలుపు రెక్కలతో పక్కలూ సొరుగులూ, నిలువు మాన్లతో కాళ్ళూ పైచట్టమూ చేస్తానన్నాడు. ఎల్లుండి అమావాస్య, ఆ రోజు మా వాళ్ళం పనిముట్టు పట్టం, అది దాటినాక మొదలుపెడతానన్నాడు. తర్వాత గడప దగ్గర గొంతుకూర్చుని మేకుల తలల మీద బొటనవేలితో రుద్దాడు.

"గడపకు మేకులేంది పాపా?"

పాతవి మామా అన్నాను.

"పాతవైతే తుప్పు పట్టి తలలు రాలిపోయింటాయి. ఇవి నున్నగా అరిగి ఉండాయి" అన్నాడు. అంతకుమించి అడగలేదు. దీన్ని కూడా స్టాండుకే వాడు మామా, ముందువైపు పట్టీగా వెయ్యి అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. "మాసిన బట్టల నీళ్ళు కారే చోట గడప పెట్టమంటాండావు. మా నాయన దీన్ని నిలబెట్టిన దినం ఒక్కపొద్దు ఉన్యాడు. నేను దీనికి రంపం పెట్టను. కావాలంటే ఇంకో ఆయన్ని చూసుకో" అని మొహం మీదే చెప్పేశాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిజం చెప్పి ఈయన నోరు మూయిద్దామనుకున్నాను. దీని మీద ఆరేళ్ళుగా మోటారుబండి ఎక్కిందని చెప్తే ఈ ఒక్కపొద్దుల మాట ఎక్కడికి పోతుందో చూద్దామనిపించింది. కానీ ఆయనకు చెప్తే, రేపు అమ్మ దాకా పోతుంది. పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను. ఆయన మాత్రం గడపను నేల మీద ఉంచలేదు. రెండు రాళ్ళు తెచ్చి, వాటి మీదకెత్తి, పైన గోనెపట్టా కప్పాడు.

ఇంటికొచ్చేసరికి నాకన్నా ముందు తమ్ముడి ఫోను వచ్చింది. నేనన్న మాటలో మొదటి సగం అమ్మకు చెప్పాడు, రెండో సగం మింగేశాడు. అక్క గడపను తీసకపోయి వాషింగ్ మెషిన్ కింద పెడతాందంట, వద్దన్నా వినలేదు అని. అమ్మ నన్ను ఒకే ఒక్క మాట అడిగింది.

"పెడతానంటివా?"

అన్నాను, అదీ నిజమే. అన్నానని చెప్పాను. అమ్మ లేచి లోపలికి పోయింది. ఆ తర్వాత పదహారు రోజులు నాతో మాట్లాడలేదు.

మాట్లాడకపోవడం ఒకెత్తు. అన్నం పెడితే తింటుంది, మాత్రలిస్తే వేసుకుంటుంది. కానీ తన చీర నా చేతికి ఇవ్వదు. పెరట్లో కొళాయి దగ్గర ఆ వయసులో నడుం వంచి, నా ఎదురుగానే ఉతుక్కుంటుంది. డాక్టరు నాకు వద్దన్న ప్రతి వంపూ నా కళ్ళ ముందు వంగి చూపించేది. నాకు ఏడుపు రాలేదు, మంట వచ్చింది. సాయంత్రమైతే తమ్ముడితో ఫోనులో నవ్వుతూ మాట్లాడేది. దేవునికి దీపం పెట్టినావా నాయనా అని అడిగేది. ఫోను స్పీకరులోంచి వాడి గొంతు వినిపించేది, పెట్టినానమ్మా అని. పక్కగదిలో పిల్లల పేపర్లు దిద్దుతున్న నేను ఎన్ని సున్నాలు అన్యాయంగా వేశానో నాకే తెలియదు.

ఒక్క మాట చాలు. నీ కొడుకు దాన్ని కాలువ మీద వేసి బండి ఎక్కించాడు అని చెప్తే ఆ క్షణమే అమ్మ నాతో మాట్లాడుతుంది. కానీ వాడితో మాట్లాడేటప్పుడు ఆ మొహంలో వెలుగు ఇంక ఉండదు. గెలిచి ఏం చేసుకోవాలి? వాడి అబద్ధాన్ని నేను కాపాడాల్సి వచ్చిందే అని వాడి మీద, వాడిని నమ్మిందే అని అమ్మ మీద, ఆరేళ్ళలో ఒక్కసారి కూడా పోయి చూడలేదే అని నా మీద, ముగ్గురి మీదా ఒకేసారి కోపం. మూడు పూటలా అదే తిని బతికాను.

స్టాండు వచ్చింది. చూడగానే బాగుందనిపించేంత బాగుంది. తలుపు రెక్కల మీద పాత గొళ్ళేల గుర్తులు అట్లాగే ఉంచి సొరుగుల ముఖాలు చేశాడు. పైన వార్నిష్ వద్దు, గరుకుగా ఉంటేనే మేలు అని వడ్రంగి ఫోనులో చెప్పాడు. మా ఆయన వింటేనా? ఇంత మంచి చెక్కకు మెరుపు లేకపోతే ఎట్లా అని వచ్చిన రోజే రెండు పూతలు పూయించాడు. అద్దంలా తళతళలాడింది. ఆరాక నలుగురు మనుషులు మెషిన్‌ను ఎత్తి పైన పెట్టారు. నిటారుగా నిలబడి, చెయ్యి చాపి, దుప్పట్లు లోపల వేశాను. నడుము ఉలకలేదు, పలకలేదు. ఆ ఒక్క నిమిషం నాకు ఎవరి మీదా కోపం లేదు.

నీళ్ళు పిండే వేగం అందుకునేదాకా అంతా బాగానే ఉంది. తర్వాత మెషిన్ ఊగడం మొదలుపెట్టింది. ఆ ఊపుకు ముందు సొరుగులు రెండూ వాటంతటవే బయటికొచ్చాయి. మెషిన్ ఆ నున్నటి చెక్క మీద జారుతూ అంగుళం అంగుళం ముందుకు నడిచింది. ముందుకాలు ఒకటి అంచు దాటి గాల్లో ఆడుతోంది. మా ఆయన వాకిట్లో నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నేను స్విచ్చు వైపు పోయేలోపే అమ్మ పెరట్లోంచి తడి చేతులతో పరుగెత్తుకొచ్చి, రెండు చేతులూ ఆ మెషిన్‌కు ఆనించి వెనక్కి తోస్తూ నిలబడింది. అది మీద పడితే ఆ మనిషి ఏమవుతుంది?

"కరెంటు తీయ్" అంది. పదహారు రోజుల తర్వాత అమ్మ నాతో అన్న మొదటి మాట అది.

స్విచ్చు ఆపాను. ఆపి అమ్మను నోటికొచ్చినట్టు తిట్టాను. నీకేమన్నా అయింటే అని తిట్టాను, ఎవరు పట్టుకోమన్నారని తిట్టాను. వార్నిష్ పూయించినందుకు మా ఆయన్ను వేరేగా తిట్టాను. అమ్మ చేతులు చీర కొంగుకు తుడుచుకుని మళ్ళీ పెరట్లోకి పోయింది.

వడ్రంగికి ఫోను చేసి జరిగింది చెప్పాను. మరుసటి రోజు పొద్దున్నే ఆటోలో దిగాడు. దించింది ఒక్క పనిముట్ల సంచే కాదు, గోనెపట్టాలో చుట్టిన గడప కూడా. నాతో ఏమీ అనకుండా నేరుగా అమ్మ దగ్గరికి పోయి కింద కూర్చున్నాడు.

"అమ్మా, మెషిన్ ముందుకు రాకుండా అంచుకు ఒక అడ్డం కావాల. నా తావ ఉండే చెక్కలన్నీ తేలికవే, రెండు నెలల్లో ఊడొస్తాయి. ఇది కదలదు. రంపం పెట్టనని పాపతో అంటి. రెండు వారాలుగా పందిట్లో దీన్ని చూస్తాండా. పనిలేకుండా పట్టా కింద పడుండేది నాకే బాగలేదు. నువ్వు సరే అంటే పెడతా. వద్దంటే ఆటో ఉండాది, తీసకపోతా."

అమ్మ చేతిలో పని పక్కన పెట్టింది. ముందు చూడనియ్ అంది. పట్టా విప్పాడు. ఆరేళ్ళ తర్వాత అమ్మ దాన్ని చూడడం అదే. నేలమీద కూర్చుని చెయ్యి పెట్టింది. పద్మం వెతుక్కుని, విరిగిన రేకు దగ్గర వేలు ఆపింది. తర్వాత ఆ వేలు పక్కకు జరిగి ఒక మేకు తల మీద ఆగింది. ఇంకొంచెం జరిగి ఇంకోదాని మీద. ఒక మేకు కింద నల్లటి టైరు రబ్బరు పీలిక ఒకటి ఇరుక్కుని ఉంది. అమ్మ దాన్ని గోటితో లాగి చూసుకుంది.

వడ్రంగి పట్టుకారుతో మేకులు ఒక్కొక్కటే పీకాడు. పీకినప్పుడల్లా అమ్మ చెయ్యి చాపింది, ఆయన అందులో పెట్టాడు. పదకొండు. మా ఆయన డ్యూటీకి ఆలస్యమైందని చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వెళ్ళిపోయాడు.

"ఇది యాడుండె?" అని అమ్మ నన్నడిగింది.

పదహారు రోజులుగా ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. జవాబు ఎన్ని రకాలుగా, ఎంత కారంగా తయారు చేసుకున్నానో లెక్కలేదు.

"బయట ఉండె."

"బయటంటే?"

"కాలవ మీద."

అమ్మ తలూపింది. చేతిలో మేకులు కొంగు చివర మూట కట్టుకుంది. లేచి వంటింట్లోకి పోయి పసుపు డబ్బా తెచ్చి, గడపకు పొడవునా పూసింది. టైరు ఒరుసుకుపోయిన చోట పసుపు పట్టలేదు, రెండుసార్లు పూసింది. అప్పుడు వడ్రంగి వైపు తిరిగి, రంపం పెట్టుకో నాయనా అంది.

కుళ్ళిన రెండు చివరలూ కోసి, మధ్యలో పద్మం వచ్చేటట్టు చూసి, స్టాండు పైచట్టానికి ముందువైపు బిగించాడు. గడప అంచు మెషిన్ కాళ్ళకన్నా రెండంగుళాలు పైకి నిలిచింది. పైన వార్నిష్ గీకేశాడు. సొరుగులకు బయటికి రాకుండా చెక్క గడియలు పెట్టాడు. దుప్పట్లు మళ్ళీ వేసి పిండే వేగం పెట్టి చూశాం. మెషిన్ ఊగింది, గడపకు తగిలింది, ఆగింది. సొరుగులు కదల్లేదు. వడ్రంగి వాళ్ళ నాయన పేరు చెప్పుకుని దండం పెట్టుకున్నాడు.

ఆయన వెళ్ళాక అమ్మ పెరట్లోంచి బకెట్టు తెచ్చింది. అందులో సగం నానిన తన చీర. నా ముందు పెట్టి, "ఇది కూడా ఎయ్యి" అంది. నేనే ఎత్తి వేశాను. అమ్మ కొంగు మూట విప్పి, మేకుల్నీ ఆ రబ్బరు పీలికనూ ఒక పాత గుడ్డలో కట్టి, వంగి, కింది సొరుగులో పెట్టి గడియ వేసింది. ఎందుకమ్మా అవి, పారేయరాదా అన్నాను. ఉండనీలే అంది. ఆ సాయంత్రం కూడా తమ్ముడి ఫోను వచ్చింది. అమ్మ ఎప్పటిలాగే తిన్నావా నాయనా అని అడిగింది. దేవునికి దీపం పెట్టినావా అని మాత్రం అడగలేదు. ఆ రోజు నుంచి ఎప్పుడూ అడగలేదు.

నెలన్నర తర్వాత, ఎవరిదో పెళ్ళికి బట్టలు తీయడానికి ప్రొద్దుటూరు వచ్చి తమ్ముడు ఇంటికొచ్చాడు. మెషిన్ తిరుగుతోంది. శుక్రవారం కావడంతో గడపకు పచ్చగా పసుపు, ఐదు కుంకుమ బొట్లు. స్టాండు మీద ఉంది కాబట్టి అమ్మ ఇప్పుడు కుర్చీలో కూర్చునే పూస్తోంది. వాడు వాకిట్లోనే ఆగిపోయి, అమ్మ వినేటట్టు గట్టిగా అన్నాడు.

"అనుకున్నంత పనీ చేసినావు గదక్కా. ఇంటి గడపను తెచ్చి మాసిన బట్టల కాడ పెడితివి."

నేను నోరు తెరిచాను. ఈసారి ఆపుకునే ఉద్దేశం నాకు లేదు. అమ్మ నా వైపు చెయ్యి చూపించి ఊరుకోమంది. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తలెత్తకుండానే తమ్ముడితో చెప్పింది.

"నాయనా, ఆ కింద సొరుగులో నీ మూట ఒకటి ఉండాది. తీసుకో."

నాకేం మూట అంటూ వాడు నవ్వుతూనే పోయాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు. గడియ తిప్పి సొరుగు లాగి, మా ఆయన ఫ్యాక్టరీ ప్యాంటు పక్కకు జరిపి, గుడ్డమూట తీసి విప్పాడు. మేకులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు మెషిన్ హోరులో కూడా నాకు వినిపించింది.

"పదకొండు ఉండాయి, లెక్క చూసుకో" అంది అమ్మ. ఇంకో చిక్కుడుకాయ అందుకుంది.

వాడి మొహం ఎదురుగా పసుపు పూసిన గడప ఉంది. వాడి నడుముకు ఏ ఆపరేషనూ కాలేదు, ఏ డాక్టరూ వాడికి ఏమీ చెప్పలేదు. అయినా చాలాసేపటిదాకా పైకి లేవలేకపోయాడు.